పన్ను కాదు, చిగురు చూడు

ఈమధ్య ఒక రాత్రి పదిన్నరకు మా మనవరాలు ఫోన్ చేసింది. "తాతయ్యా, బుజ్జిగాడికి పన్ను ఊడిపోయింది" అంది, ఏడుపు ఆపుకుంటూ. బుజ్జిగాడంటే ఆస్టిన్‌లో తన అద్దెగదిలో, గాజుపెట్టెలో కాపురముంటున్న బాల్ పైథాన్. మూడున్నర అడుగుల కొండచిలువ. పెట్టె శుభ్రం చేస్తుంటే దాని పెంటలో సన్నటి వంకర ముల్లు ఒకటి తెల్లగా కనిపించిందట. దాన్ని కడిగి, దూదిలో పెట్టి, మాత్రల డబ్బాలో దాచింది. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తనకు కోపమొచ్చింది.

నాకిప్పుడు 72 ఏళ్ళు. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి, తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో గేదెల ఈతలు చూసి, ముప్పై దాటాక అమెరికా వచ్చాను. మళ్ళీ పరీక్షలు రాసి హ్యూస్టన్ శివార్లలో ఒక చిన్న జంతువుల ఆసుపత్రిలో చేరాను. తీసుకున్నది కుక్కలనూ పిల్లులనూ చూడటానికే. రెండేళ్ళకు, పాములు చూసే డాక్టరు ఉద్యోగం మానేశాడు. "నువ్వు ఇండియావాడివి కదా, పాములు నీకు తెలిసే ఉంటాయి" అని ఆ పని నాకు అంటగట్టారు. నిజానికి నాకు తెలిసింది పాము కనిపిస్తే కర్ర తెమ్మని అరవడం ఒక్కటే. మిగతాదంతా ఆ తర్వాత పాతికేళ్ళలో, ఎక్కువగా తప్పులు చేసి నేర్చుకున్నాను. ఆ రాత్రి ఫోన్లో చెప్పినవీ, చెప్పడానికి టైము చాలనివీ ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ఊడిన పన్ను జబ్బు కాదు

మనకు పళ్ళు రెండుసార్లే వస్తాయి. పాముకు బతికినన్నాళ్ళూ వస్తూనే ఉంటాయి. పని చేస్తున్న ప్రతి పంటి వెనకా, చిగురు మడతలో, పిల్ల పళ్ళు వరసలో పడుకుని ఎదురుచూస్తుంటాయి. పాతది లోపలినుంచి అరిగి, ఎముకతో పట్టు వదిలి ఊడుతుంది. వెనకది లేచి ఆ చోటికి వస్తుంది. ఒకేసారి వరసంతా బోసిపోకుండా ఒకటి విడిచి ఒకటిగా మారతాయి. ఊడిన పన్ను ఎలుక వెంట్రుకల్లో చిక్కుకుని కడుపులోకి పోతుంది, పెంటలో బయటపడుతుంది. బుజ్జిగాడి పన్ను కథ అంతే.

మన భాషలో "కోరలు పీకిన పాము" అంటే ఇక పనైపోయినవాడని అర్థం. చిన్నప్పుడు మా ఊరికి పాములవాడు వచ్చి బుట్ట మూత తీసేముందు "కోరలు పీకేశాను బాబూ, భయంలేదు" అనేవాడు. మేం నమ్మి ముందుకు జరిగేవాళ్ళం. ఆ మాట అబద్ధం కాదు, కానీ దానికి గడువుంది. నాగుపాముకు కూడా కోర వెనక కోర సిద్ధంగా ఉంటుంది. పీకిన కొన్ని వారాలకు కొత్తది దిగుతుంది. ఈ సంగతి మనకన్నా పాములవాళ్ళకే బాగా తెలుసు. అందుకే కొందరు మళ్ళీ మళ్ళీ పీకుతారు, కొందరు పాము నోరే కుట్టేస్తారు. సామెత చేసినవాళ్ళు పామును మొదటిరోజు చూసి ఉంటారు, నెల తర్వాత చూసి ఉండరు.

2. పాము నమలదు, అందుకని తోమక్కర్లేదు

ఒకావిడ తన పాముకు పసిపిల్లల టూత్‌బ్రష్ కొనుక్కుని మరీ వచ్చింది, ఎలా తోమాలో చూపించమని. ఆవిణ్ణి తప్పుపట్టలేను. కుక్కకు తోమాలని మేమే చెప్తాం కదా.

పాము పళ్ళు తిరగలి రాళ్ళు కావు, గాలపు ముళ్ళు. అన్నీ గొంతువైపు వంగి ఉంటాయి. పై దవడకు అటూ ఇటూ రెండు వరసలు, వాటికి లోపల అంగిలి మీద ఇంకో రెండు, కింద రెండు. కొండచిలువలకైతే మూతి చివర ఎముక మీద కూడా కొన్ని ఉంటాయి. కింది దవడ రెండు ముక్కలూ ముందు కలిసిపోకుండా సాగే నరంలాంటి దానితో కట్టి ఉంటాయి. తినేటప్పుడు ఒక పక్క పళ్ళు పట్టుకుంటే రెండో పక్క ముందుకు జరుగుతుంది, తర్వాత అది పట్టుకుంటే ఇది జరుగుతుంది. పాము ఎలుకను మింగుతుందంటాం గానీ, నిజానికి ఎలుక మీదుగా తన తలను నడిపించుకుంటూ పోతుంది. పాము కాళ్ళు పాముకెరుక అన్నారు. నన్నడిగితే దాని కాళ్ళు నోట్లో ఉన్నాయంటాను.

నమలడం లేదు, నోట్లో మెతుకు నిలవదు, తీపి తగలదు, పన్ను పాతబడేలోగా మారిపోతుంది. కాబట్టి మనలా పిప్పిపళ్ళు రావు. గడ్డపుబల్లి అని ఇక్కడ పెంచుతారే, బియర్డెడ్ డ్రాగన్, దాని దవడ పక్కల పళ్ళు ఊడితే మళ్ళీ రావు. దానికి గార కడుతుంది, చిగుళ్ళ జబ్బు వస్తుంది. ఆ బల్లికి చెప్పిన జాగ్రత్త పాముకు పనికిరాదు. ఆఫ్రికాలో గుడ్లు మాత్రమే తినే పాము ఒకటుంది. దాని నోట్లో పళ్ళు ఉన్నాయా అంటే ఉన్నాయి, లేవా అంటే లేవు. గుడ్డును గొంతులోకి దించి వెన్నెముక ముళ్ళతో పగలగొట్టుకుని, పెంకు బయటికి ఉమ్మేస్తుంది. పళ్ళు లేకపోవడం కూడా ఒక పాముకు లోటు కాదు.

3. పన్ను కాదు, చిగురు చూడు

ఈ పాఠాల్లో ఒక్కటే గుర్తుంచుకోమంటే ఇది గుర్తుంచుకోండి. పన్ను పోయిందా ఉందా అన్నది ప్రశ్న కాదు. పన్ను మొలిచే నేల ఎలా ఉంది?

ఆరోగ్యంగా ఉన్న పాము నోరు లోపల లేత గులాబీ రంగులో, తడిగా, శుభ్రంగా ఉంటుంది. కొన్ని జాతుల్లో కాస్త తెల్లగా ఉంటుంది. అందుకే మీ పాము నోరు బాగున్నప్పుడు ఎలా ఉంటుందో ముందే తెలిసుండాలి. ఆవులించినప్పుడు చూస్తే చాలు. భోంచేశాక దవడలు సర్దుకోవడానికి అది ఎలాగూ నోరు బార్లా తెరుస్తుంది. చిగుళ్ళ మీద సూదిపోటుల్లాంటి ఎర్రచుక్కలు, దారాల్లా సాగే చొంగ, ఒక పక్క వాపు, మూతి పూర్తిగా మూసుకోకపోవడం, చెడువాసన, ఇవి కనిపిస్తే నోటిపుండు మొదలైందని అర్థం.

మొదట్లో నేను చీము కోసం వెతికి మోసపోయాను. గేదె గడ్డ కోస్తే చీము కారుతుంది. పాముకు కారదు. దాని తెల్లకణాల్లో చీమును పలచబరిచే సరుకు లేదు. అందుకని అది జున్నుముక్కలా గట్టిపడి, పళ్ళ సందుల్లో పసుపుపచ్చగా అతుక్కుంటుంది. ఒకాయన వారంపాటు దాన్ని మిగిలిపోయిన తిండి అనుకున్నాడు. పాముకు తిండి మిగలదని రెండో పాఠంలో చెప్పాను.

4. నోటిజబ్బు నోట్లో పుట్టదు

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడుంది. ఒక జూన్ నెలలో ఒక కుర్రాడు నోరు పుండైన బాల్ పైథాన్‌ను తెచ్చాడు. శుభ్రం చేశాను, యాంటిబయాటిక్ ఇచ్చాను, తగ్గింది. నెలన్నరకు మళ్ళీ తెచ్చాడు. మందు మార్చాను, తగ్గింది. ఆగస్టులో మూడోసారి వచ్చాడు. ఈసారి దవడ ముందుభాగంలో నాలుగైదు పళ్ళు లేవు, వాటి కింద చిగురూ లేదు. అప్పుడడిగాను, మొదటిరోజు అడగాల్సిన మాట: "నీ పెట్టెలో వేడి ఎంత?"

హ్యూస్టన్ ఎండల్లో పాముకు వేడి దీపమెందుకని వాడు ఆపేశాడట. బయట వంద ఫారెన్‌హీట్ డిగ్రీలు. ఇంట్లో ఏసీ 72. పెట్టె ఏసీ గాలి కింద.

పాముకు సొంత వేడి లేదు. ఒంట్లో వేడి చాలకపోతే తిన్నది అరగదు, రక్తంలో కాపలా పనిచేయదు. నోట్లో ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులే, ముఖ్యంగా సూడోమోనాస్, ఏరోమోనాస్ లాంటివి, అదను చూసి ఇల్లు కబ్జా చేస్తాయి. బాల్ పైథాన్‌కు పెట్టెలో ఒక పక్క 88 నుంచి 92 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే 31 నుంచి 33 సెల్సియస్ దాకా ఉండాలి. రెండో పక్క పదిపన్నెండు ఫారెన్‌హీట్ డిగ్రీలు తక్కువుండాలి, చల్లబడాలంటే అటు పోవడానికి. గాలిలో తేమ 60 శాతానికి అటూ ఇటూ. మనకు చెమట పట్టిందా లేదా అని కాదు, థర్మామీటర్ ఏమంటోందని చూడాలి.

ఆ కుర్రాడి దగ్గర నేను రెండుసార్లు డబ్బు తీసుకున్నాను. మూడోసారి తీసుకోలేదు. అప్పటినుంచి నా బల్లమీద పాము నోరు తెరవకముందే పెట్టె ఫోటో అడిగేవాణ్ణి.

వేడితోపాటు ఇంకో రెండు చూడండి. కంటిచుట్టూ, గడ్డం మడతలో ఆవగింజ కన్నా చిన్న నల్లపురుగులు తిరుగుతుంటే అవి రక్తం తాగే పాముపేలు. రెండోది మూతి. దాక్కునే చోటు లేని పాము ఇనుపజల్లి మూతకు మూతి రాస్తూ రాత్రంతా తిరుగుతుంది. ముందు పొలుసు ఒరుసుకుపోతుంది, తర్వాత పెదవి, తర్వాత చిగురు. దానికి మందు ట్యూబులో లేదు. ఒంటికి ఇరుగ్గా సరిపోయే రెండు అట్టపెట్టెలు బోర్లించి, తలదూర్చేంత కంత కోసిపెడితే సగం రోగం పోతుంది.

5. ఎలుకకూ పళ్ళున్నాయి

బతికున్న ఎలుకను పెట్టెలో వదిలి తలుపేసుకుని పడుకునే యజమానులు ఎందరినో చూశాను. "అడవిలో అంతే కదా" అంటారు. అడవిలో పాముకు పారిపోయే దారి ఉంటుంది. పెట్టెలో ఆకలి లేని పాము, ఆకలేసిన ఎలుక మిగిలితే తెల్లారేసరికి ఎవరు ఎవర్ని తింటారో చెప్పలేం. వీపు మీద ఎముక కనిపించేదాకా ఎలుక కొరికిన పామును, పెదవి చీలి పళ్ళు బయటపడ్డ పామును కుట్టాను.

ఇక్కడ గడ్డకట్టించిన ఎలుకలు దొరుకుతాయి. ఫ్రిజ్‌లో కరగనిచ్చి, సంచీలో పెట్టి గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, ఒళ్ళంతా వెచ్చబడ్డాక పొడవాటి పటకారుతో అందించాలి. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, బయట ఉడికి లోపల మంచుగా ఉంటుంది, ఒక్కోసారి పేలుతుంది కూడా. పటకారు కొసలకు రబ్బరుండాలి, గురితప్పి ఇనుమును కరిస్తే పళ్ళు విరుగుతాయి. గాజుకు ఆనించి ఎలుకను ఆడించకండి, గాజును కరుస్తుంది. పట్టుకున్నాక తమాషాకు వెనక్కి లాగకండి. ఇక ఎలుకల ప్యాకెట్ ఇడ్లీపిండి పక్కన పెట్టొద్దు. సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది, విడిగా చిన్న ఫ్రీజర్ కొనుక్కోండి. ఈ ఒక్క సలహాకు మా కోడలు నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

6. కరిస్తే చెయ్యి లాక్కోకు

ఇది విషంలేని పెంపుడు పాము సంగతి మాత్రమే. మన పొలాల్లో తెలియని పాము కరిస్తే ఒక్కటే పని: కదలకుండా, కట్లు కట్టకుండా, కోయకుండా ఆసుపత్రికి పోవడం.

పెంపుడు కొండచిలువ కరిచి పట్టుకుంటే ఎవరైనా చెయ్యి వెనక్కి గుంజుతారు. ముళ్ళు గొంతువైపు వంగి ఉన్నాయి కదా, గుంజేకొద్దీ చర్మం చీలుతుంది, పళ్ళు విరిగి చేతిలో ఉండిపోతాయి. పాము చిగురూ చిరుగుతుంది. ఊపిరి బిగబట్టి ఆగాలి. తల మీద చల్లనీళ్ళు పోయాలి. మూతి దగ్గర నాలుగు చుక్కలు మౌత్‌వాష్ వేసినా వదిలేస్తుంది. తప్పనిసరైతే తలను ముందుకు, మీ చేతివైపే, మెల్లిగా నెట్టి ముళ్ళ పట్టు తప్పించి పైకి తీయాలి. తర్వాత సబ్బుతో బాగా కడగాలి. లోపల పన్ను మిగిలిందనిపిస్తే, ఎర్రబడి వాస్తే డాక్టరుకు చూపించాలి. నా ఎడమ బొటనవేలి నుంచి మూడు వారాల తర్వాత ఒక పన్ను బయటికొచ్చింది. ఆ పాము యజమాని దాన్ని ఇమ్మని అడిగాడు. ఇచ్చాను.

7. బలవంతంగా నోరు తెరవకు

ఫోన్లో మనవరాలు అడిగిన రెండో మాట: "నోరు తెరిచి చూడనా?" వద్దన్నాను. గట్టి చెంచా దూర్చి పళ్ళు విరగ్గొట్టిన కేసులు నా దగ్గరకే వచ్చేవి. మేం మెత్తటి ప్లాస్టిక్ పలకను మూతి ముందునుంచి నెమ్మదిగా జరుపుతాం. మెడను ఒకరు పట్టుకుంటారు, ఒంటిని ఇంకొకరు మోస్తారు. నోటి అడుగున ముందువైపే ఊపిరిగొట్టం నోరుంటుంది. అంత పెద్ద ఎలుకను మింగుతూ కూడా పాము ఊపిరి తీసుకోగలగడానికి కారణం అదే. తెలియనివాళ్ళు పోసిన మందు నేరుగా ఊపిరితిత్తిలోకి పోతుంది.

ఇంటివైద్యమూ వద్దు. పసుపు అద్దినవాళ్ళు, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసినవాళ్ళు, తేనె రాసినవాళ్ళు వచ్చారు. అందరిదీ ప్రేమే. కానీ నురగలు కక్కే మందు బతికున్న చిగురును కూడా కాలుస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకు ఒక దారి చెప్తాను: సరీసృపాలను చూసే వెటర్నరీ డాక్టర్లకు 1991 నుంచి ఒక సంఘముంది, ఏఆర్ఏవీ. మీ ఊళ్ళో ఎవరున్నారో వాళ్ళ జాబితాలో దొరుకుతుంది.

8. పాము టైముకు పాము మానుతుంది

కుక్కకు రోజూ ఇచ్చే సూదిని పాముకు రోజూ ఇవ్వక్కర్లేదు. సెఫ్టాజిడిమ్ లాంటి మందు మూడురోజులకు ఒకసారి వేస్తాం, ఎందుకంటే దాని ఒంట్లోంచి మందు నింపాదిగా పోతుంది. చచ్చిన చిగురు తీసి, పలచటి క్లోర్‌హెక్సిడిన్‌తో కడిగి, ఏ సూక్ష్మజీవికి ఏ మందు పడుతుందో పరీక్షకు పంపి, ఎక్స్‌రే తీస్తాం. ఎముకకు పాకకపోతే వారాల్లో మానుతుంది. పాకితే నెలలు.

ఆ ఆగస్టు పైథాన్ ఎక్స్‌రేలో దవడ ఎముక చెదపట్టిన వాసంలా కనిపించింది. కుళ్ళిన ముక్క తీసేశాం. ఆ చోట పళ్ళు మళ్ళీ రాలేదు. మొదటి పాఠంలో ఎప్పటికీ వస్తూనే ఉంటాయన్నాను కదా, దానికి షరతు ఇది. పన్ను ఊడితే పన్నొస్తుంది, నేల పోతే రాదు. అయినా ఆ పాము చిన్న ఎలుకలు తింటూ, రెండో పక్క పళ్ళతో మింగుతూ ఏళ్ళ తరబడి బతికింది. ఏటా ఒకసారి వాడు దాన్ని దిండుగలీబులో తెచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ నేనడగకుండానే వేడి అంకె చెప్పేవాడు.

9. తిననన్నప్పుడు ఎలా తిననంటోందో చూడు

బాల్ పైథాన్లు చలికాలంలో నెలలతరబడి పస్తుంటాయి. అది జబ్బు కాదు. ఆకలి లేని పాము ఎలుకను చూసి తల తిప్పుకుంటుంది. నోరు నొప్పిగా ఉన్నది దగ్గరికొస్తుంది, నాలుక ఆడిస్తుంది, పట్టుకుంటుంది, వదిలేస్తుంది. మొదటిదానికి కాటాతో పని, రెండోదానికి డాక్టరుతో పని. వంటింటి కాటా మీద నెలకోసారి తూచి రాసుకోండి. బరువు నిలకడగా ఉంటే పస్తు గురించి బెంగ వద్దు.

10. కొత్తదాన్ని పాతదానికి దూరంగా ఉంచు

2014లో బాల్ పైథాన్లకు ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే ఒక కొత్త వైరస్ సంగతి పరిశోధకులు బయటపెట్టారు. అది చాలాసార్లు నోటిలోపలి ఎరుపుతో, చొంగతో మొదలవుతుంది, మామూలు నోటిపుండులాగే కనిపిస్తుంది. దానికి మందు లేదు. కాబట్టి కొత్తపామును కనీసం మూడు నెలలు వేరే గదిలో, వేరే పటకారుతో, వేరే నీళ్ళగిన్నెతో ఉంచండి.

11. మన ఊళ్ళో ఉన్నవాళ్ళకు

ఇవన్నీ చదివి పెరట్లో దొరికిన జెర్రిపోతును పెంచుదామని అనుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన పాముల్ని పట్టడం, పెంచడం నేరం. ఇంట్లోకి పాము వస్తే అటవీశాఖకో, హైదరాబాద్‌లో అయితే 1995 నుంచి ఈ పని చేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో చెప్పండి.

ఇంకొక మాట. కార్తీకంలో నాగులచవితికి, తెలంగాణలో శ్రావణంలో నాగపంచమికి బుట్టలో వచ్చే పాము నోటిని ఒక్కసారి తలచుకోండి. పీకిన కోరల గుంతల్లో పుండు, కుట్టిన మూతి, రోజులతరబడి నీళ్ళు లేని గొంతు. పాము పాలు తాగే జంతువు కాదు. దాహంతో తాగుతుంది, ఆ పాలు ఊపిరితిత్తిలోకి పోవచ్చు. చిన్నప్పుడు నేనూ అణా వేశాను. ఇప్పుడు చదువుకున్న కళ్ళతో చూస్తే, ఆ బుట్టలో నేను చూసింది పడగ కాదు, నోటిపుండు. పుట్టకు దండం పెట్టుకుని రండి, చాలు.

ఇక ఆ రాత్రి ఫోన్ సంగతి. నేను చెప్పిందంతా విని మనవరాలు నిమ్మళించింది. చివర్లో "మరి ఈ పన్నేం చెయ్యను తాతయ్యా, నా పాలపన్నులా పేడలో పెట్టి ఇంటికప్పు మీదకి విసరనా?" అంది. తనకు ఆరేళ్ళప్పుడు తెనాలిలో మా పాత పెంకుటింటి మీదకి అలాగే విసిరించాను. ఆస్టిన్‌లో పేడ ఎక్కడ వెతుకుతావులే, దాచుకోమన్నాను.

"ముందు ఫోటో పంపు" అన్నాను.

"పన్నుదా?"

"కాదమ్మా, థర్మామీటర్‌ది."

రెండు నిమిషాల్లో వచ్చింది. వేడిపక్క 81. కింద పెట్టిన వేడి పలక తీగ ఎప్పుడు ఊడిందో తనకే తెలియదు.